రెండు జడలకు పట్టే సేపు

సరిగ్గా ఏడూ ఇరవైకి మా వసపిట్ట దువ్వెనా, రెండు నీలం రిబ్బన్లూ పట్టుకొచ్చి, నా మంచం ముందు చిన్న స్టూలు లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చునేది. దానికి పదకొండేళ్ళు. మాటలొచ్చిన రోజు నుంచి నోరు మూసిన పాపాన పోలేదు కనుక ఇంట్లో అందరం దాన్ని వసపిట్ట అనే పిలుస్తాం. జుట్టు నడుం దాటి ఉండేది, నా గుప్పిట్లో పట్టేది కాదు. చిక్కు తీసి, పాపిడి తీసి, రెండు జడలూ అల్లి, చివర్లు పైకి మడిచి రిబ్బన్లు కట్టేసరికి ఏడూ ముప్ఫై ఎనిమిది అయ్యేది. ఆ పద్దెనిమిది నిమిషాల్లో అది నాకు చెప్పని సంగతంటూ ఉండేది కాదు. లెక్కల టీచరు ఎవరిని బయట నిలబెట్టిందో, పక్క బెంచీ పిల్ల తనతో ఎందుకు మాట మానేసిందో, మళ్ళీ ఎలా కలిసిందో అన్నీ చెప్పేది. ఒక్కోసారి మాత్రం గొంతు తగ్గించి, "అమ్మా, నాన్నమ్మకి నేనంటే నిజంగా ఇష్టమేనా?" అని అడిగేది. ముఖం ఎదురుగా లేకపోతే పిల్లలు నిజాలు మాట్లాడతారు. అమ్మ కూడా తన ముఖం సర్దుకోనక్కర్లేదు.

సర్దుకోనక్కర్లేదు కనుకనే అక్కడ మూలిగేదాన్ని. పాపిడి తీయడానికి కుడి చెయ్యి పైకి లేపానంటే మెడ దగ్గర మొదలైన పోటు భుజం మీదుగా మోచేతికి దిగి, బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కిపోయేవి. "అమ్మా" అనేదాన్ని. "నన్నేనా పిలిచావు?" అనేది అది, వెనక్కి తిరక్కుండానే. "నిన్ను కాదులేవే, మా అమ్మని." "అమ్మమ్మకి అక్కడికి వినపడదులే, నాతో చెప్పు." ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రోజు మొత్తంలో నేను నొప్పిని నొప్పి అన్నది ఆ పద్దెనిమిది నిమిషాల్లోనే. ఇది తర్వాత నా కొంప ముంచుతుందని నాకేం తెలుసు?

నేను పార్లర్‌లో కనుబొమలు తీస్తాను. పద్నాలుగేళ్ళుగా అదే పని. నూలు దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్ళకీ మెలిపెట్టి, ఆ మెలిక కనుబొమ మీద పరుగెత్తేలా లాగాలి. లాగేది చేతులనుకుంటారు అందరూ. మెడే. మేత ఏరుకుంటున్న కోడిలా మెడ ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉండాలి. కుర్చీలు ఎత్తు పెరగవు, తగ్గవు. కూర్చునేవాళ్ళకి మెత్తగా ఉంటాయని మేడమ్ కొన్నది, వాటి పక్కన నిలబడి వంగేవాళ్ళ సంగతి దుకాణంలో ఎవరూ అడగలేదు. సెలవు రోజుల ముందు ముప్ఫై, ముప్ఫై అయిదు ముఖాలు వస్తాయి. నా నోట్లో దారం ఉంటుంది గనుక జవాబు చెప్పలేనని తెలిసి, అందరూ నాతో తెగ మాట్లాడతారు. మా అత్తయ్య కూడా నాతో ఆ ధైర్యంతోనే మాట్లాడతారు, నా నోట్లో ఏ దారమూ లేకపోయినా.

ఆ మధ్య మొదటిసారి ఇంట్లో చెప్పాను, చెయ్యి లాగేస్తోందని. ఆయన సరుకుల వ్యాను నడుపుతారు. ఆయనకీ మెడనొప్పే. ఆయన మెడ పట్టేసిన రోజున ఇంట్లో టీవీ గొంతు తగ్గుతుంది, పిల్ల మునివేళ్ళ మీద నడుస్తుంది, అత్తయ్య వేన్నీళ్ళ సంచీ పెట్టిస్తారు. పెట్టించడమంటే నాతో. మెడకి పట్టీ ఒకటి కొన్నాం. పొద్దున్నే అది వెనక నుంచి బిగించేది నేనే. ఆయన పొడుగు, వంగితే మెడ లాగుతుందని వంగరు. అందుకని నేనే మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ పైకెత్తి బిగిస్తాను. అలాంటి మనిషికి నా బాధ చెబితే అర్థమవుతుందనుకున్నా.

"దారప్పోగు పట్టుకోడానికి కూడా చెయ్యి నొప్పేంటే? గడ్డపార పట్టినదానిలా చెప్తావు," అన్నారాయన.

అత్తయ్య పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది. నవ్వాక ఇంకేముంది, నొప్పి అనే మాటకి విలువ పోయింది. అప్పటినుంచి వంటింట్లో గానీ, పెరట్లో గానీ, ఆయన మెడపట్టీ దగ్గర గానీ పళ్ళు బిగబట్టడం అలవాటు చేసుకున్నాను. పళ్ళు బిగబట్టడం నాకు నేర్పాలా? పద్నాలుగేళ్ళుగా చేస్తున్న ఉద్యోగమే అది.

ఒక రోజు పార్లర్‌లో దారం జారి ఒకావిడ రెప్ప మీద గీరుకుంది. చిన్న గాటే. కానీ మేడమ్ నన్ను పక్కకి పిలిచి, "చెయ్యి చూపించుకో, లేదంటే ఇంకొకళ్ళని చూసుకుంటాను," అంది. మంగళవారం సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళాను.

వరండాలో పొడుగాటి బెంచీ ఉంది. దాని మీద కూర్చున్న అందరి తలలూ ఒక పక్కకి ఒరిగి ఉంటే, గాలివానకి ఒరిగిన చేనులా కనబడి నాకు నవ్వొచ్చింది. ఈ చివర ఇళ్ళకి రంగులేసే ఆయన. "పైకప్పులకేసి చూసీ చూసీ, ఇప్పుడు ఆకాశంలో విమానం పోతున్నా తలెత్తలేనమ్మా," అన్నాడు. ఆయన పక్కన బస్సు డ్రైవరు. తర్వాత బోర్డు మీద ఇరవై ఏళ్ళు సుద్దముక్కతో రాసిన టీచరమ్మ. ఆవిడ పక్కన ఇస్త్రీ చీరలో పళ్ళ డాక్టరమ్మ, "అందరి నోళ్ళలోకీ తొంగిచూసి ఇలా అయ్యాను," అంది. నేను దారం సంగతి చెబితే, "అబ్బ! అంటే పళ్ళతో కూడా పని చేస్తావా?" అని జాలిపడి, అక్కడే నా దవడ నొక్కి చూసింది. డ్రైవరు పక్కన వాళ్ళమ్మాయి మందుల చీటీ పట్టుకుని ఉంది. రంగులాయన పక్కన ఆయన భార్య ఫైలూ, నీళ్ళ సీసా, సంచీ మోస్తూ నిలబడి ఉంది. డాక్టరమ్మ, టీచరమ్మ, నేను మాత్రం ఎవరికి వాళ్ళమే వచ్చాం, మా ఫైళ్ళు మేమే పట్టుకుని, అదీ నొప్పి చేత్తోనే. రంగులాయన భార్య సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ తన మోచెయ్యి తనే నొక్కుకోవడం చూశాను. ఆవిణ్ణి ఎవరూ లోపలికి పిలవలేదు.

లోపల ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, నా చెయ్యి మెల్లగా లేపింది, దించింది, మెడ పక్కకి వంచింది. నేను పళ్ళు బిగబట్టాను. "అలా బిగబట్టకండి, నొప్పి వేస్తే చెప్పండి. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అంది. నొప్పి చెప్పమని ఒకరు నన్ను అడగడం ఎంత కొత్తగా ఉందంటే, టక్కున కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల అది నొప్పి వల్లేననుకుని చెయ్యి వదిలేసింది.

"పార్లర్‌లో ఆరు వారాలు సెలవు పెట్టగలరా?"

"పెడితే శాశ్వతంగా పెట్టమంటారు."

"అయితే ఇంట్లోనైనా చేతికి విశ్రాంతి ఇవ్వాలి. భుజం దాకా చెయ్యి పైకెత్తే పనులు రోజు మొత్తానికి ఇరవై నిమిషాలు, అంతే. ఆ ఇరవై నిమిషాలూ ఏ పనికి వాడుకుంటారో మీ ఇష్టం. మిగతావి వేరేవాళ్ళకి అప్పజెప్పండి. వినకపోతే ఈ వేళ్ళలో పట్టు పోతుంది, నేను కూడా ఏం చెయ్యలేను."

నా చేతి విషయంలో మీ ఇష్టం అన్నవాళ్ళు అంతకు ముందు లేరు. బస్సులో తిరిగొస్తూ ఆలోచించాను. ఆలోచించడానికి ఏముంది? పద్దెనిమిది నిమిషాలు వసపిట్ట జడలకి. మిగిలిన రెండు నిమిషాలు దేవుడెరుగు. చెయ్యి మొత్తానికే పడిపోతుందంటే ఆఖరిసారి ఎత్తేది కూడా దాని పాపిడికే దాచుకుంటానని కిటికీ పక్క సీట్లో కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. పెళ్ళయ్యాక నాకంటూ నేను ఏదైనా దాచుకున్నానంటే అదే.

దాచుకోనిస్తేగా! అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మే అడిగితే పెట్టేదెవరో ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పలేదు.

"అత్తయ్యా, పై అరలో డబ్బాలు కింది అరలో పెట్టుకుందామా? చెయ్యి పైకెత్తొద్దన్నారు."

"నలభై ఏళ్ళ బట్టీ అవి అక్కడే ఉన్నాయి. ఇప్పుడు నీ కోసం దిగుతాయా? మా రోజుల్లో చెయ్యి విరిగినా బయటికి చెప్పుకునేవాళ్ళం కాదమ్మా," అన్నారావిడ. నిజమే, చెప్పుకోలేదు. ఆవిడ చెయ్యి కూడా భుజం దాటి లేవదు. అందుకే ఆవిడ తల దువ్వి ముడి వేసేది కూడా నేనే. ఎప్పటినుంచి లేవడం లేదో, ఎందుకు లేవడం లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ డబ్బాలు నాకంటే ముందు దించింది ఆ చెయ్యేనని ఇప్పుడు తోస్తోంది.

"ఏవండీ, బట్టలారేసే తీగ ఒక్క జానెడు కిందికి కట్టరా?"

"రేపు చూద్దాంలే."

తీగ ఆయన ఎత్తుకి కట్టింది. ఆరేసేది నేను. ఆ రేపు రాలేదు. మూడు వారాలు చూసి నేనే కుర్చీ ఎక్కి విప్పబోతే ముడి బిగుసుకుపోయి ఉంది, వేళ్ళకి పట్టు చాల్లేదు. పొద్దున అయిదున్నర నుంచి డబ్బాలూ, తీగా, అత్తయ్య ముడీ, ఆయన మెడపట్టీ, అన్నీ అయ్యాక ఏడూ ఇరవై అయ్యేది. అంటే నా ఇరవై నిమిషాలూ ఎప్పుడో అయిపోయి, పిల్ల వచ్చి కూర్చునేసరికి ఒట్టిపోయిన చెయ్యి మిగిలేది. దాంతోనే అల్లేదాన్ని. రెండు గంటలు బిగబట్టిన పళ్ళు అక్కడికి రాగానే విడిపోయేవి. "అమ్మా, అమ్మా" అని ఒకటే మూలుగు. ఒకటి రెండుసార్లు కన్నీళ్ళు దాని నెత్తి మీద కూడా పడ్డాయి. మొదట్లోలా "నన్నేనా పిలిచావు" అని అది అడగడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. కబుర్లు కూడా తగ్గాయి. పరీక్షలు కదా అనుకున్నాను.

ఒక పొద్దున ఆయన చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి కేకేశారు. "పొద్దున్నే ఈ ఏడుపేంటి? అంత నొప్పైతే ఆ జుట్టు కత్తిరించి పారెయ్యరాదూ, పీడా వదులుతుంది!"

వద్దనే అనబోయాను. జడ చివర కట్టాల్సిన రిబ్బను నా పళ్ళ మధ్య ఉంది. ఒక చేతిలో జడ మడత, ఇంకో చేతికి తిమ్మిరి. రిబ్బను తీసి నోరు తెరిచేలోగా వ్యాను కదిలిన చప్పుడు వినిపించింది. సరేలే, వెళ్ళిపోయారుగా అని ఊరుకుని ముడి వేశాను. జవాబు వినాల్సిన మనిషి నా ముందే వీపు పెట్టి కూర్చుని ఉందని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఆ తర్వాతి మంగళవారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాను. వసపిట్ట గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి చూపించింది. జుట్టు చెవుల దాకానే ఉంది. మెడ బోసిగా, తెల్లగా, ఎప్పుడూ ఎండ తగలని చోటు కదా, ఎవరి పిల్లదో అన్నట్టుంది.

"బాగుందా?" అంది, ఎగురుతున్నంత సంబరంగా. "బడి నుంచి తిన్నగా మీ పార్లర్‌కే వెళ్ళా. నువ్వే పంపావని చెప్పా. కత్తెరక్క ఎంత అడిగినా, అమ్మే కత్తిరించమందనే చెప్పా."

కత్తెరక్క అంటే మా పార్లర్‌లో జుట్టు కత్తిరించే ఆవిడ. నా చెయ్యి సంగతి ఆవిడకి తెలుసు, అందుకే నమ్మింది. పిల్ల సంచీలోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. రెండు జడలు. ఆ పొద్దున నేను అల్లినవి అల్లినట్టే, చివర్లు మడిచి, నీలం రిబ్బన్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పైన మాత్రం కత్తెరక్క రబ్బరు బ్యాండ్లు బిగించి కోసింది. ఒక రిబ్బను ముడి వంకరగా ఉంది. ఆ పొద్దున వేళ్ళు సహకరించక అలా వచ్చింది, రేపు సరిగ్గా కడదాంలే అనుకున్నాను.

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఎందుకేంటి? నీకు నొప్పి పోవాలని. నువ్వు మిగతా పనులన్నీ మామూలుగానే చేసేస్తావు కదా, నేను చూస్తూనే ఉంటాగా. నాకు జడ వేసేటప్పుడే ఏడుస్తావు."

ఆ మెట్టు మీదే కూలబడ్డాను. అందరి ముందూ పళ్ళు బిగబట్టి, దీని ఒక్కదాని దగ్గరే నోరు విప్పాను. ఎవరి దగ్గర నాకు ప్రాణం తెరిపిన పడుతుందో వాళ్ళ దగ్గరే మూలిగాను. పిల్లేం చేస్తుంది? కళ్ళతో చూసిందే లెక్క వేసుకుంది. అమ్మ నొప్పి తన తలే అనుకుంది. తల తీసేసుకోలేదు గనుక జుట్టు తీసేసుకుంది. ఎన్నాళ్ళ నుంచి ఆ స్టూలు మీద కూర్చుని ఆ మాట మోస్తోందో, ఎన్ని పొద్దులు వీపు నాకు పెట్టి నా ప్రతి మూలుగుకీ తానే కారణమని కుంచించుకుపోయిందో!

అత్తయ్య బయటికొచ్చి చూసి, "పోనీలే, మంచి పని చేసింది. అమ్మ కష్టం తెలిసిన పిల్ల," అన్నారు. ఆయన వచ్చి దాని భుజం తట్టి, "చూశావా, దీనికున్న జ్ఞానం నీకు లేదు. ఒక పని తగ్గిందా లేదా?" అన్నారు. పిల్ల ముఖం వెలిగిపోయింది. నా వైపు చూసింది, నా మాట కోసం. "బాగుందమ్మా," అన్నాను. ఏమనను? దాని సంబరం ఎలా చంపను? అది సంతోషంగా లోపలికి పరుగెత్తింది. డబ్బాలు పై అరలోనే ఉన్నాయి, తీగ ఎత్తులోనే ఉంది. ఇంట్లో తగ్గిన పని ఒకే ఒక్కటి, నేను దాచుకున్నది.

మర్నాడు ఏడూ ఇరవైకి మంచం మీద కూర్చున్నాను, అలవాటు కొద్దీ. పిల్ల అద్దం ముందు నిలబడి రెండుసార్లు దువ్వుకుని, "అయిపోయింది!" అని అరిచి, బూట్లు వేసుకోవడానికి వెళ్ళిపోయింది. లెక్కల టీచరు ఏమైందో, పక్క బెంచీ పిల్ల మాట్లాడుతోందో లేదో, ఏమీ తెలియదు. స్టూలు మంచం కింద ఉంది. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. నాలుగు రోజులూ ఇంట్లో అందరూ దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు, వచ్చినవాళ్ళకి చెబుతూనే ఉన్నారు. నాకు ఏడుపు కంటే ముందు భయం పట్టుకుంది. ఆడపిల్ల తనలోంచి ఒక ముక్క కోసి ఇస్తే ఇల్లు ఎంత మురిసిపోతుందో దానికి పదకొండేళ్ళకే తెలిసిపోయింది. రేపు ఇంకేం కోసిస్తుందో! మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. "బాగుందమ్మా" అన్నది ఈ నోరే.

అయిదో రోజు పొద్దున వంటింట్లో పై అరలో పిండి డబ్బాకి చెయ్యి ఎత్తాను. పోటు మెడ నుంచి వేళ్ళ దాకా దిగింది. ఈసారి పళ్ళు బిగబట్టలేదు.

"అమ్మా!" అన్నాను, ఇల్లంతా వినబడేలా.

అత్తయ్య ఉలిక్కిపడ్డారు. "ఏంటమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదత్తయ్యా. రోజూ ఉండేదే." రెండో డబ్బా దించాను. మళ్ళీ అన్నాను. పెరట్లో తడిబట్టలు తీగ మీద వేస్తూ అన్నాను. పక్కింటావిడ గోడ మీంచి చూసింది, చూడనీ. ఆయన మెడపట్టీ బిగిస్తూ ఆయన చెవి పక్కనే అన్నాను. "పొద్దున్నే ఏంటే ఈ గోల, జుట్టు గొడవ తీరిందిగా?" అన్నారాయన. పట్టీ సగంలో వదిలేసి చేతులు దించాను. "మిగతాది మీరు వంగితే బిగిస్తాను," అన్నాను. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నాకోసం తల వంచడం అదే మొదలు, అదీ కోపంగా.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వసపిట్ట ఉంది. చేతిలో దువ్వెన. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో, ముఖంలో రక్తం లేదు. నా వైపూ, దించిన డబ్బాల వైపూ, పెరట్లో తీగ వైపూ చూసింది.

"అమ్మా, ఇక్కడ కూడా నొప్పేనా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. లేదమ్మా అంటే పోయేది. మింగేశాను.

"మొదటి నుంచీ ఇక్కడే అమ్మా."

"మరి జడ వేసేటప్పుడు ఏడ్చేదానివిగా?"

"నీ దగ్గరైతే ఏడవొచ్చని."

అది వెళ్ళి మంచం కింద స్టూలు లాగి, నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. అల్లడానికి ఏమీ లేదు. కాసేపటికి దాని చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వచ్చి, జడలుండే చోట వెతుక్కుంది.